‘చెయ్యి పెట్టి చూపించమ్మా’: తుంటి నొప్పికి కోత లేని వైద్యం

(తిరుపతిలో చేసిన స్మారకోపన్యాసం పూర్తి పాఠం)



ఎవరి జ్ఞాపకార్థం ఈ సభ జరుగుతోందో ఆ డాక్టరుగారి పేరు మీ చేతుల్లో ఉన్న ఆహ్వాన పత్రిక మీద ఉంది. ఆయన బతికున్న రోజుల్లో ఎదుట నిలబడి ఆ పేరు పలకడానికి నాకు నోరు రాలేదు. ఈరోజు కూడా ‘సారు’ అనే అంటాను. మన్నించండి.

ఏ విషయం మీద మాట్లాడతావని నిర్వాహకులు అడిగినప్పుడు నేను రెండో ఆలోచన చేయలేదు. సారు గదిలోకి రోజూ ఎక్కువగా వచ్చిన నొప్పి ఏదో, అందరూ తేలిగ్గా తీసుకునే నొప్పి ఏదో, దాని గురించే మాట్లాడదామనుకున్నాను. నడుము కింద, తొడ పైన, పక్క మీద, గజ్జలో ఎక్కడో ఒకచోట పుట్టి మనిషిని కూర్చోనీయక, నిలబడనీయక చేసే నొప్పి అది. తుంటి కీలు నొప్పి, దాని వెనకుండే శాక్రోఇలియాక్ కీలు నొప్పి. ఈ రెండో దాన్ని డాక్టర్లం ఎస్.ఐ. జాయింట్ అంటాం. నేనూ ఎస్.ఐ. కీలు అనే అంటాను. ఈ నొప్పులకు కత్తి పెట్టకుండా ఏం చేయొచ్చు, ఎంతవరకు చేయొచ్చు, ఎక్కడ ఆగాలి అన్నదే ఈ సాయంత్రం నా మాట.

నాలుగు చేతులు, నాలుగు నొప్పులు

సారు గదిలో ఒక బల్ల, కింద ఒక చాప, మూలన ఒక వెదురు కర్రల కట్ట ఉండేవి. గోడకు టేపు వేలాడుతూ ఉండేది. పేషెంటు వచ్చి ‘నడుము నొప్పి సార్’ అనగానే ఆయన కాగితం అందుకునేవారు కారు. ‘యాడమ్మా? చెయ్యి పెట్టి చూపించమ్మా’ అనేవారు. ఆ చెయ్యి ఎక్కడికి పోతుందా అని చూస్తూ ఉండేవారు.

మన జిల్లాలో ‘నడుము’ అనే మాట చాలా పెద్దది. పక్కటెముకల కింద మొదలై తొడ సగం దాకా అంతా నడుమే. ‘తుంటి నొప్పి’ అంటే కొందరికి పిరుదు, కొందరికి పక్క ఎముక, ఇంకొందరికి కాలి మడమ దాకా జివ్వున లాగే సయాటికా. మాట ఒకటే అయినా రోగాలు నాలుగు. అందుకే సారు మాటకంటే చేతిని నమ్మేవారు.

చెయ్యి నాలుగు రకాలుగా చూపిస్తుంది. అరచేతిని అడ్డంగా నడుము మీద పరిస్తే ఆ నొప్పి ఎక్కువగా వెన్నుపూసలదో, వాటి చుట్టూ ఉన్న కండరాలదో. బొటనవేలు వెనక్కి, మిగతా వేళ్లు గజ్జవైపుకి వచ్చేలా తుంటిని గుప్పిట పట్టినట్టు చూపిస్తే అసలైన తుంటి కీలును అనుమానించాలి. తుంటి కీలు నొప్పి ముఖ్యంగా గజ్జలో తెలుస్తుంది, కొన్నిసార్లు మోకాలి దాకా దిగుతుంది. మోకాలికి ఎక్స్‌రేలు తీయించుకుని తిరిగి తిరిగి చివరికి తుంటి చెడిందని తెలుసుకున్నవాళ్లను నేను ఎందరినో చూశాను. నడుము కింద గుంట పడే చోట, వెన్నుకు ఒక పక్కన, ఒకే వేలు పెట్టి ‘ఈడే సార్’ అంటే ఎస్.ఐ. కీలును పరీక్షించాలి. తొడ పక్కన పొడుచుకొచ్చిన ఎముక మీద చెయ్యి వేసి ‘ఆ పక్కకు తిరిగి పడుకోలేను’ అంటే, కీలు బాగానే ఉండి, పిరుదు కండరాలు ఆ ఎముకకు అతుక్కునే చోట స్నాయువు దెబ్బతిని ఉండొచ్చు.

చేతి వేళ్లతోనే రోగం తేలిపోతుందని నేననడం లేదు. కాలు తిప్పి, మడిచి, నొక్కి చూడాలి, నడిపించి చూడాలి. కానీ వెతకడం ఎక్కడ మొదలుపెట్టాలో ఆ చెయ్యి చెబుతుంది. కోత లేని వైద్యం ఫలించకపోవడానికి నాకు కనిపించిన మొదటి కారణం మందు బలం చాలకపోవడం కాదు. మందు ఒక చోటికి పోతే నొప్పి ఇంకో చోట ఉండటం.

3,550 మెట్లు, ఒక వెదురు కర్ర

తిరుపతిలో ఉండి తుంటి గురించి మాట్లాడేటప్పుడు మెట్ల మాట రాకుండా ఉండదు. అలిపిరి నుంచి కొండకు సుమారు 9 కిలోమీటర్లు, 3,550 మెట్లు. దారిలో మోకాళ్ల పర్వతం.

మెట్టెక్కేటప్పుడు తుంటి మీద ఎంత బరువు పడుతుందో కొలిచినవాళ్లున్నారు. బెర్లిన్‌లో బెర్గ్‌మన్ బృందం కృత్రిమ తుంటి కీళ్లలోనే కొలిచే పరికరాలు అమర్చి, ఆ లెక్కలు 2001లో ప్రచురించింది. మామూలు నడకలో తుంటి మీద పడే భారం శరీర బరువులో 238 శాతం. మెట్లెక్కేటప్పుడు 251, దిగేటప్పుడు 260 శాతం. అరవై కిలోల మనిషి మెట్లు దిగుతుంటే ఒక్క అడుగులో తుంటి మోసేది 150 కిలోల పైమాటే. ఒంటి కాలి మీద నిలబడ్డప్పుడు కటి భాగం అవతలి పక్కకు ఒరిగిపోకుండా పిరుదు కండరాలు గట్టిగా లాగిపట్టాలి. ఒంటి బరువుకు ఆ లాగుడు బలం కూడా తోడై కీలు మీద పడుతుంది.

మొక్కు ఉందని వచ్చిన అవ్వకు సారు ఏనాడూ ‘ఎక్కొద్దు’ అని చెప్పలేదు. ‘రెండు నెలలు నేను చెప్పినట్టు చెయ్యి అవ్వా, తర్వాత ఎక్కు. దిగేటప్పుడు మాత్రం బస్సెక్కు’ అనేవారు. బెర్లిన్ లెక్కలు రాకముందు కూడా ఆయన మాట అదే. దిగేటప్పుడే నొప్పి ఎక్కువని పేషెంట్లు చెప్పగా విని నేర్చుకున్నారు.

ఇక కర్ర సంగతి. నొప్పి కుడి తుంటిలో ఉంటే కర్ర ఎడమ చేతిలో ఉండాలి. చాలామంది నొప్పి ఉన్న పక్కనే పట్టుకుంటారు. గడ్డపార ఎంత పొడుగైతే బండ అంత తేలిగ్గా కదులుతుందని మన రైతుకు తెలుసు. అవతలి చేతిలోని కర్ర తుంటి కీలుకు దూరంగా ఉంటుంది గనక, దాని మీద కాస్త బలం వేసినా ఇవతలి పిరుదు కండరాలు లాగాల్సిన పని చాలా తగ్గుతుంది. కీలు మీద భారం అంతకంటే ఎక్కువగా తగ్గుతుంది. ‘కర్ర పారేయకండి’ అని అమెరికన్ ఎముకల వైద్యుడు వాల్టర్ బ్లౌంట్ 1956లోనే ఒక వ్యాసం రాశాడు. ఆయన శస్త్రవైద్యుడు. ఆ సలహా కత్తి పట్టిన చేతి నుంచే వచ్చిందని విద్యార్థులు గుర్తుంచుకోవాలి.

సారు టేపుతో కొలిచి, పేషెంటు చెప్పులేసుకుని నిలబడితే మణికట్టు గీత దాకా వచ్చేలా కర్ర కోసి ఇచ్చేవారు. దాని అడుగున సైకిల్ ట్యూబు ముక్క చుట్టేవారు. కర్ర పట్టుకుంటే ముసలితనం ఒప్పుకున్నట్టేనని సిగ్గుపడేవాళ్లకు ఆయన చెప్పే మాట ఒకటే: ‘కుంటుతూ నడిస్తే నలుగురూ చూస్తారు. కర్రతో నిటారుగా నడిస్తే ఎవరూ చూడరు.’

అరిగిన తుంటికి వ్యాయామం ఎంత ఉపయోగం? ఇక్కడ నేను ఉన్నదున్నట్టు చెప్పాలి. పది అధ్యయనాలను కలిపి చూసిన కాక్రేన్ సమీక్ష 2014లో నొప్పి కొంత తగ్గుతుందని, పనులు చేసుకునే శక్తి కొంత పెరుగుతుందని తేల్చింది. అదే ఏడు మెల్‌బోర్న్‌లో 102 మందితో చేసిన అధ్యయనంలో మాత్రం ఫిజియోథెరపీ తీసుకున్నవాళ్లకు, ఉత్తుత్తి చికిత్స తీసుకున్నవాళ్లకు మధ్య తేడా కనిపించలేదు. కాబట్టి వ్యాయామంతో అరిగిన మృదులాస్థి తిరిగి పెరుగుతుందని నేను ఎవరికీ చెప్పను. కండరం బలపడితే కీలు మోసే తీరు మారుతుందని, మనిషికి నడక మీద ధైర్యం వస్తుందని చెబుతాను. బరువు తగ్గించుకోమంటాను. నొప్పి మరీ బాధిస్తుంటే అల్ట్రాసౌండ్‌లో చూస్తూ కీలులోకి స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇస్తాను. దాని ఉపశమనం కొన్ని నెలలదేనని ముందే చెబుతాను. ఆ నెలలను వ్యాయామానికి వాడుకోమంటాను.

తొడ పక్క నొప్పికి మాత్రం ఇంకా గట్టి ఆధారమే ఉంది. ఆస్ట్రేలియాలో 204 మందిని మూడు గుంపులు చేసి, ఒక గుంపుకు వ్యాయామంతో పాటు అవగాహన, ఒక గుంపుకు స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇచ్చి, మూడో గుంపును వేచి ఉండమన్నారు. 2018లో ఫలితాలు వచ్చాయి. ఎనిమిది వారాలకు బాగుపడ్డామన్నవారు వ్యాయామం గుంపులో 77 శాతం, ఇంజెక్షన్ గుంపులో 58, ఊరికే ఆగిన గుంపులో 29. ఇక్కడ అవగాహన అంటే పెద్ద పాఠమేమీ కాదు. ఒంటి కాలి మీద వాలి నిలబడకు, కాలు మీద కాలు వేసుకోకు, పడుకునేటప్పుడు మోకాళ్ల మధ్య దిండు పెట్టుకో. ఇంతే.

కదలీ కదలని కీలు

ఎస్.ఐ. కీలుది వేరే కథ. వెన్ను అడుగున ముక్కోణంలా ఉండే త్రికాస్థికి రెండు పక్కలా కటి ఎముకలు అతుక్కునే చోటు అది. పైనున్న బరువంతా ఈ రెండు కీళ్ల మీదుగానే కాళ్లకు దిగాలి. కదలిక చాలా తక్కువ, రెండు మూడు డిగ్రీలు. బలమైన బంధనాలు దాన్ని బిగించి పట్టుకుంటాయి.

వైద్య చరిత్రలో దీనికి ఒకప్పుడు పెద్ద పీట వేశారు. 1905లో బాస్టన్‌కు చెందిన గోల్డ్‌త్వెయిట్, ఆస్‌గుడ్ నడుము నొప్పికీ, సయాటికాకూ ఈ కీలే మూలమని వాదించారు. 1934లో అదే నగరంలో మిక్స్‌టర్, బార్ డిస్కు జారి నరాన్ని నొక్కడం గురించి రాశాక అందరి చూపూ డిస్కు మీదికి మళ్లింది. ఎం.ఆర్.ఐ. వచ్చాక అది మరీ బలపడింది. ఈరోజు కూడా ‘డిస్కు జారింది’ అని ఫైలు పట్టుకుని వచ్చేవాళ్లలో కొందరి నొప్పి డిస్కుది కాదు. దీర్ఘకాలపు నడుము నొప్పుల్లో 15 నుంచి 30 శాతం దాకా ఈ కీలు నుంచి వస్తాయని అంచనా. కీలును రకరకాలుగా ఒత్తిడి పెట్టి చూసే పరీక్షల్లో మూడైనా అదే నొప్పిని రేపితే అనుమానం గట్టిపడుతుంది. చివరి నిర్ధారణ కావాలంటే ఎక్స్‌రే చూస్తూ కీలులోకి మత్తుమందు ఎక్కించి, నొప్పి పోతుందేమో చూడాలి.

ఈ నొప్పి ఎవరికి వస్తుంది? గర్భిణులకు, బాలింతలకు. జారి పిరుదుల మీద పడ్డవాళ్లకు. ఎప్పుడూ ఒకే పక్క భారం వేసి కూర్చునేవాళ్లకు. శ్రీకాళహస్తి నుంచి ఒక కలంకారీ కళాకారుడు మా దగ్గరికి వచ్చేవాడు. నేల మీద ఒక కాలు మడిచి, ఇంకో కాలు చాపి, గుడ్డ మీదికి వంగి గంటల తరబడి గీత గీసే మనిషి. ఎడమ పక్క గుంటలో ఒకే వేలు పెట్టి చూపించాడు. ఆయనకు సారు ఇచ్చిన చికిత్స మొత్తం చెబుతాను, ఎందుకంటే అందులో ఈ కీలు వైద్యమంతా ఉంది.

మొదట, పని మానమనలేదు. మానితే ఇల్లు గడవదు. అరగంటకోసారి లేచి పది అడుగులు వేయమన్నారు. కాలు మడిచే పక్కను పూటపూటకూ మార్చమన్నారు. మంచం మీద తిరిగేటప్పుడు రెండు మోకాళ్లూ కలిపి తిరగమన్నారు. పంచె కట్టుకునేటప్పుడు, బండెక్కేటప్పుడు ఒంటి కాలి మీద నిలబడొద్దన్నారు. కొన్నాళ్లు బెల్టు వేసుకోమన్నారు. చాప మీద వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి నడుము పైకెత్తే వ్యాయామం, పక్కకు పడుకుని కాలు ఎత్తే వ్యాయామం, పొట్ట కండరాలు బిగించే వ్యాయామం తాను దగ్గర కూర్చుని నేర్పారు. పది రోజులకొకసారి రమ్మని, చేసి చూపించమనేవారు. మూడో నెలకు ఆయన నొప్పి పనికి అడ్డం రానంతగా తగ్గింది. ఇంజెక్షన్ అవసరం రాలేదు.

బెల్టు గురించి ఒక మాట. మన ఇళ్లలో బాలింతకు నడికట్టు కట్టే ఆచారం ఉంది. ప్రసవం తర్వాత ఎస్.ఐ. కీలు నొప్పితో బాధపడే తల్లికి కట్టు మంచిదే, కానీ పొట్ట మీద కాదు. ఇంకా కిందికి, తుంటి ఎముకల చుట్టూ కట్టాలి. వేళ్లు దూరేంత బిగువు చాలు. బిడ్డను ఎప్పుడూ ఒకే చంకన వేసుకోకూడదు. ఇది చెప్పాల్సింది అత్తకూ, అమ్మకూ కూడా. బాలింతకు విశ్రాంతి ఇచ్చేదీ, వ్యాయామానికి సమయం ఇచ్చేదీ వాళ్లే.

ఇంత చేసినా తగ్గకపోతే కీలులోకి ఇంజెక్షన్ ఉంది. నరాల కొసలను వేడితో మాడ్చే రేడియోఫ్రీక్వెన్సీ చికిత్స ఉంది. కొందరికి అది మేలు చేస్తుంది. అయితే 2017లో నెదర్లాండ్స్‌లో వెలువడిన పెద్ద అధ్యయనంలో, వ్యాయామానికి దాన్ని చేర్చినందువల్ల చెప్పుకోదగ్గ అదనపు లాభం కనిపించలేదు. ఖర్చయ్యే చికిత్స రాసేముందు ఈ మాట పేషెంటుకు చెప్పడం మన బాధ్యత.

తెల్లవారుజామున లేపే నొప్పి

ఇప్పుడు నన్ను ఎక్కువగా కలవరపెట్టే రోగం గురించి చెబుతాను. పలమనేరు వైపు నుంచి ఇరవై రెండేళ్ల కుర్రాడు వచ్చాడు. ఒకనాడు కుడి పిరుదు, ఒకనాడు ఎడమ పిరుదు. తెల్లవారుజామున మూడు నాలుగింటికి నొప్పి లేపేస్తుంది. లేచాక గంటసేపు ఒళ్లంతా కట్టెలా ఉంటుంది. నడిస్తే తగ్గుతుంది, పడుకుంటే పెరుగుతుంది. నాలుగేళ్లుగా బెల్టులు వాడాడు. మంచం దిగొద్దన్నారని దిగలేదు. దిగకపోవడం వల్ల ఇంకా బిగుసుకుపోయాడు.

ఇది అంకైలోజింగ్ స్పాండిలైటిస్. ఎస్.ఐ. కీళ్లలో వాపుతో మొదలై వెన్ను దాకా పాకి, వదిలేస్తే పూసలను ఒకదానితో ఒకటి అతికించేసే వ్యాధి. కొందరికి తుంటి కీళ్లను కూడా తినేస్తుంది. హెచ్.ఎల్.ఏ. బి27 అనే జన్యుగుర్తుతో దీనికున్న సంబంధం 1973లో బయటపడింది. ఎక్స్‌రేలో మార్పులు కనిపించడానికి ఏళ్లు పడతాయి. ఎం.ఆర్.ఐ.లో వాపు ముందే కనిపిస్తుంది. నలభై ఐదేళ్లలోపు మొదలై, మూడు నెలలు దాటి, విశ్రాంతితో పెరిగి కదలికతో తగ్గే నడుము నొప్పి ఎవరికున్నా ఈ వ్యాధిని తలచుకోవాలి. విద్యార్థులారా, ఇవాళ నేను చెప్పినవన్నీ మరిచిపోయినా ఈ ఒక్క వాక్యం మరవొద్దు.

దీని వైద్యం చాలావరకు కోత లేనిదే. వాపు తగ్గించే మాత్రలు, రోజూ వ్యాయామం, బీడీ సిగరెట్ మానడం. అవి చాలకపోతే బయోలాజిక్ ఇంజెక్షన్లు. ఒకప్పుడు ఇవి మనబోటివాళ్లకు అందని మాట. 2014లో మన దేశపు జైడస్ కంపెనీ వీటిలో ఒకటైన అడాలిముమాబ్ మందుకు ప్రపంచంలోనే తొలి బయోసిమిలర్‌ను, అంటే దాన్ని పోలిన మందును, తెచ్చాక ధర తగ్గింది. ఇప్పటికీ అందరికీ అందుతుందని చెప్పలేను. అయినా దారి తెరుచుకుంది.

ఈ ఇంజెక్షన్ మొదలుపెట్టే ముందు క్షయ ఉందేమో తప్పనిసరిగా చూడాలి, ఎందుకంటే ఒంట్లో నిద్రపోతున్న క్షయను ఇది లేపగలదు. ఇక్కడ మన పాత చిత్తూరు జిల్లా చరిత్ర గుర్తొస్తుంది. 1915లో మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో క్షయ శానిటోరియం తెరిచారు. డెన్మార్క్ నుంచి వచ్చిన డాక్టర్ ఫ్రిమోట్-మోలర్ దానికి తొలి నాయకుడు. మందులు లేని ఆ కాలంలో గాలి, వెలుతురు, తిండి, విశ్రాంతి, ఇవే వైద్యం. క్షయ ఊపిరితిత్తులకే కాదు, తుంటికీ, ఎస్.ఐ. కీలుకూ వస్తుంది. ఒకే పక్క నొప్పి, సాయంత్రపు జ్వరం, బరువు తగ్గడం దాని ఆనవాళ్లు. ఈరోజు దానికి ఏడాది, కొన్నిసార్లు ఏడాదిన్నర మాత్రలు వాడాలి. ప్రభుత్వం ఉచితంగా ఇస్తుంది. వేళకు కనిపెడితే చాలామందికి కత్తి అవసరమే రాదు. ఇంట్లో ఉండి మందులు మింగినా శానిటోరియంలో ఉన్నంత ఫలితం వస్తుందని 1959లో మద్రాసులోని క్షయ చికిత్సా పరిశోధన కేంద్రం ఊపిరితిత్తుల క్షయ విషయంలో నిరూపించింది. కానీ మధ్యలో మానేస్తే అంతా మొదటికొస్తుంది. కోత లేని వైద్యానికి ఓర్పే ఆయువు అని చెప్పడానికి క్షయను మించిన ఉదాహరణ లేదు.

ఎండ ఉన్న ఊళ్లో ఎముకల ఆకలి

కొందరు స్త్రీలు బాతులా అటూఇటూ ఊగుతూ వస్తారు. తుంటి, తొడలు, కటి భాగం అంతా నొప్పి. కింద కూర్చుంటే చెయ్యి ఊనకుండా లేవలేరు. పరీక్షిస్తే కీలు బాగానే ఉంటుంది. మెత్తబడింది ఎముక. డి విటమిన్, కాల్షియం చాలక వచ్చే ఆస్టియోమలేసియా ఇది.

ఇంత ఎండ కాసే తిరుపతిలో డి విటమిన్ లోపమా అని మీకు అనుమానం రావచ్చు. ఆ అనుమానాన్ని తీర్చింది మన స్విమ్స్ ఆసుపత్రే. అక్కడి ఎండోక్రైనాలజీ విభాగంలో డాక్టర్ సి.వి. హరినారాయణ్, సహచరులు తిరుపతి చుట్టుపక్కల ఆరోగ్యవంతుల రక్తాన్ని, ఆహారాన్ని పరిశీలించి 2004 నుంచి వరసగా వ్యాసాలు ప్రచురించారు. పొలంలో ఎండలో పనిచేసే పల్లెవాళ్లలో డి విటమిన్ పట్నంవాళ్లకంటే మెరుగ్గానే ఉంది, కానీ లోపం పల్లెలోనూ ఉంది. రెండుచోట్లా తిండిలో కాల్షియం తక్కువ. గింజధాన్యాల్లోని ఫైటేట్లు ఉన్న కాల్షియాన్ని కూడా ఒంటికి పట్టనీయవు. మన ఎండలో చర్మం డి విటమిన్‌ను బాగా తయారుచేసేది పగలు 11 నుంచి 2 గంటల మధ్య అని కూడా వారే చూపించారు. మనం నీడ వెతుక్కునే వేళ అదే.

ఈ రోగికి వైద్యం డి విటమిన్, కాల్షియం, పాలు, కాసేపు ఎండ. సంగటి తినే సీమ మనది. వంద గ్రాముల రాగుల్లో 350 మిల్లీగ్రాముల దాకా కాల్షియం ఉంటుంది. నానబెట్టి, మొలకెత్తించి పిండి చేసుకుంటే ఫైటేట్లు తగ్గుతాయి. కొన్ని నెలల్లో ఆ ఊగే నడక నిటారవుతుంది. నా వృత్తిలో నాకు దొరికిన గొప్ప సంతోషాల్లో అదొకటి.

నీళ్ల వల్ల వచ్చే నొప్పిని కూడా తలచుకోవాలి. ఫ్లోరైడ్ ఎముకలను గట్టిపరిచి, కటి భాగంలోని బంధనాలను రాయిలా మారుస్తుందని మొదటగా వివరించిన నివేదికల్లో ఒకటి 1937లో మన పక్కనున్న అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల నుంచి వచ్చింది. అక్కడ మందు మంచినీళ్లే. ఒకసారి బిగిసిన ఎముకను ఏ వైద్యమూ వెనక్కి తేలేదు గనక, ముందే ఇవ్వాల్సిన మందు అది.

పుత్తూరు కట్టు నేర్పేది

మన నేల మీద నిలబడి కోత లేని ఎముకల వైద్యం గురించి మాట్లాడుతూ పుత్తూరు కట్టును తలవకపోతే అది కృతఘ్నత. ఆకు పసరు, గుడ్డు తెల్లసొన, వెదురు బద్దలు, గుడ్డ. తరతరాలుగా ఒక కుటుంబం చేతుల్లో నడిచిన విద్య అది. మద్రాసులో, బెంగళూరులో కూడా ఆ పేరుతో బోర్డులు కనిపిస్తాయి. విరిగిన ఎముకను సరిగా కూర్చి, కదలకుండా కట్టి, ఓపిక పడితే తనంతట తానే అతుక్కుంటుందన్న సత్యం మన జనానికి తెలిసింది ఆ కట్టు వల్లనే.

అయితే తుంటి ఎముక మెడ విరిగితే ఆ సూత్రం పనిచేయదు. తొడ ఎముక తలకు రక్తం పోయే సన్నని నాళాలు ఆ మెడ మీదుగానే పోతాయి. విరిగితే అవీ తెగొచ్చు. తెగితే ఏ కట్టు కట్టినా రక్తం తిరిగి రాదు. పైగా ముసలివాళ్లు మంచాన పడితే పుండ్లు, న్యుమోనియా, కాళ్లలో రక్తం గడ్డకట్టడం. జారిపడి కాలు పొట్టిగా, పక్కకు తిరిగి, నిలబడలేకుండా ఉన్న అవ్వను ఆ రోజే ఆసుపత్రికి తీసుకురావాలి. అక్కడ కోతే ప్రాణరక్షణ. కోత లేని వైద్యాన్ని ప్రేమించేవాణ్ని గనకే ఈ మాట గట్టిగా చెబుతున్నాను.

ఇలాంటివి మరికొన్ని ఉన్నాయి. జ్వరంతో కుంటుతున్న పిల్లవాడిని ఒక్క రాత్రి కూడా ఆపకూడదు. నడుము నొప్పితో మూత్రం బిగిసినా, కూర్చునే చోట తిమ్మిరెక్కినా పరుగెత్తాలి. కాన్సర్ వచ్చి తగ్గినవాళ్లకు కొత్తగా ఎముక నొప్పి వస్తే వెంటనే చూపించాలి.

ఒక హెచ్చరిక కూడా చేయాలి. ‘కోత లేదు, రెండు రోజుల్లో మాయం’ అంటూ ఇచ్చే పేరులేని పొట్లాల్లో స్టెరాయిడ్ కలిసి ఉంటుంది కొన్నిసార్లు. నొప్పి నిజంగానే మాయమవుతుంది. నెలల తరబడి వాడితే తుంటి ఎముక తలకు రక్తం ఆగి, అది లోపలే చచ్చి కుంగిపోవచ్చు. తుంటిని కాపాడుకుందామని వెళ్లినవాళ్లు తుంటినే పోగొట్టుకుంటారు. మందు పేరు, మోతాదు రాసివ్వని చోట మందు తీసుకోవద్దు.

సారు తుంటి

సారు యువకుడిగా ఉన్నప్పుడు రాయవేలూరులో డాక్టర్ మేరీ వర్గీస్‌ను చూశారు. 1954లో కారు ప్రమాదంలో ఆమె నడుము కింది భాగం చచ్చుబడింది. ఆ తర్వాత చక్రాల కుర్చీలో కూర్చునే, కుష్ఠురోగుల చేతులకు ఆపరేషన్లు చేసింది. తర్వాత అమెరికాలో పునరావాస వైద్యం చదివి వచ్చి, వేలూరులో ఆ విభాగాన్ని నిలబెట్టింది. ‘ఆమెకు ఏ కోతా కాళ్లు తిరిగి ఇవ్వలేకపోయింది. ఆమె పని ఆగిందా?’ అని సారు మాకు చెప్పేవారు. ఆపరేషన్ అయిపోయినచోట, ఆపరేషన్ లేనిచోట, వైద్యం అక్కడితో అయిపోదని ఆయన అక్కడే నేర్చుకున్నారు.

అరవై ఎనిమిదో ఏట సారుకే కుడి తుంటి అరిగింది. గజ్జలో నొప్పి. తన కట్టలోంచి తానే ఒక వెదురు కర్ర తీసి, కొలిచి, ఎడమ చేత పట్టుకున్నారు. పేషెంట్లకు నేర్పిన వ్యాయామాలు రోజూ పొద్దున అదే చాప మీద చేశారు. ఏడు కిలోలు తగ్గారు. అలా ఆరేళ్లు గడిచాయి. ఆ ఆరేళ్లూ గది మూతపడలేదు.

డెబ్బై నాలుగో ఏట ఒకరోజు నన్ను పిలిచి బల్ల మీద పడుకున్నారు. ‘చూడు’ అన్నారు. కాలు లోపలికి తిరగడం లేదు. రాత్రి నిద్ర లేదు. సాక్సు వేసుకోవడం కుదరడం లేదు. నేను చెప్పడానికి తటపటాయించాను. ఆయనే అన్నారు: ‘ఇంక కీలు మార్పించుకుంటాను. ఇన్నాళ్లు చేసింది ఏదీ వృథా కాలేదు. ఈ కండ ఉండబట్టే రేపు లేచి నిలబడతాను.’ ఆపరేషన్ మరుసటి రోజే లేచి నిలబడ్డారు. మూడు నెలలకు మళ్లీ ఆ గదిలో కూర్చున్నారు.

‘కత్తి లేకుండా వైద్యం చేసే డాక్టరు తానే కత్తికి లొంగాడే’ అని ఊళ్లో ఎవరో అన్నారట. సారు ఆ మాటకు నొచ్చుకోలేదు. నొచ్చుకున్నది నేను. ఇవాళ ఆ మాటకు జవాబు చెప్పాలనిపించింది. ఆయన కత్తికి ఎదురుగా నిలబడ్డ మనిషి కాదు. కోతకు ముందు చేయాల్సిన పని ఒకటుందని, అది ఎవరో ఒకరు కూర్చుని చేయాలని నమ్మిన మనిషి. ఆ పని వల్ల చాలామందికి కోత అవసరం రాలేదు. కొందరికి ఆరేళ్లో, పదేళ్లో వాయిదా పడింది. అవసరమైనవాళ్లు బలమైన కాళ్లతో ఆపరేషన్ బల్ల ఎక్కారు. మూడూ విజయాలే.

ఆ పనికి కావలసింది సమయం. సమయమే మన ఓపీల్లో లేనిది. మండల కేంద్రంలో ఒక ఫిజియోథెరపిస్టు, పదిమంది పడుకునేన్ని చాపలు, కొలిచి కర్ర ఇచ్చే ఒక చెయ్యి ఉంటే, పుంగనూరులోని ఏ అవ్వా వ్యాయామం నేర్చుకోవడానికి రోజు కూలి పోగొట్టుకుని తిరుపతి దాకా రానక్కర్లేదు. ఈ సభలో ఉన్న పెద్దలను నేను కోరేది ఇదొక్కటే. సారు పేరుతో విగ్రహం వద్దు, చాపలు వేయించండి.

విద్యార్థులను కోరేది ఇంకా చిన్నది. రేపు మీ ఓపీలో ఎవరైనా వచ్చి ‘నడుము నొప్పి’ అంటే, స్కాన్ కాగితం మీద కలం పెట్టేముందు ఒక్క నిమిషం ఆగండి. ‘యాడమ్మా? చెయ్యి పెట్టి చూపించమ్మా’ అని అడగండి. ఆ చెయ్యి ఎక్కడ ఆగుతుందో చూడండి.